పేజీల మధ్య వెంట్రుకలు

లైబ్రేరియన్ అమ్మగారికి నమస్కారాలు.

ఊరంతా ఒకే పుస్తకం చదవాలని మీరు మా సెలూన్‌కి ఇచ్చిన ప్రతిని, గడువు దాటిన మూడు రోజులకు పంపుతున్నాను. పేజీల మధ్య వెంట్రుకలున్నాయని కోప్పడకండి. నాకు చదువు అంతంతమాత్రం. అందుకే క్రాపుకి కూర్చున్న ప్రతివాళ్ల చేతా రెండేసి పేజీలు పైకి చదివించుకున్నాను. "కాస్త తల వంచన్నా" అనే శ్రమ కూడా తప్పింది. గడ్డానికొచ్చిన లెక్కల మాస్టారు ముగింపు ముందే చెప్పేయబోతే, నోటినిండా నురగ పూసేశాను. కనిపిస్తే ఏమీ అనుకోవద్దనండి.

చివరి పేజీలో మాత్రం మీకు ఒక్క వెంట్రుకా దొరకదు. పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లి, ఆ పేజీని కూడబలుక్కుంటూ నేనే చదువుకున్నాను. ఆ మూడు రోజులూ దానికే పట్టాయి.

ఇట్లు,
మీ వీధి చివర సెలూన్‌వాడు