తిరగేసి గీసిన ఏప్రన్

ప్రియమైన చిట్టికి,

మీ నర్సింగ్ స్కూలు పిల్లల కోసం నువ్వడిగిన ఏప్రన్లు కుడుతున్నాను. నువ్వు పంపిన బొమ్మ చూసుకుంటూ గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, కాలేయం అన్నీ రంగుగుడ్డలతో అతికిస్తున్నాను. పేగులు మాత్రం ఎంత కుట్టినా తెమలవు. మనిషి లోపల ఇంత సామాను ఉందా అని మీ బావ నోరు తెరిచాడు.

ఒక సంగతి. భోజనం చేశాక పక్కటెముకల కింద పోటు వస్తోంది. ఎక్కడని నువ్వెలాగూ అడుగుతావని ఏప్రన్ కట్టుకుని చూశాను. సరిగ్గా జీర్ణాశయం కిందే. భయంగా ఉందే.

నీ అక్క

అక్కా,

అది గ్యాసు. మిషను ముందు కూర్చుంటే నీకు తిండీ నీళ్ళూ గుర్తుండవు, పోటు రాక ఏమవుతుంది? మాత్రలు పంపుతున్నాను, వేళకి తిను. కాలేయం కింద అయితే నేనూ కంగారుపడేదాన్ని. రోజూ ఈ పాఠమే చెప్పుకుని బతుకుతున్నాను, నా మాట నమ్ము. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఏప్రన్లు తొందరగా పంపించు తల్లీ.

నీ చిట్టి

చిట్టీ,

ఏప్రన్లు పార్సిల్ చేశాను. మాత్రలు వేసుకుంటున్నా పోటు తగ్గలేదు. నిన్న వణుకుతో జ్వరం కూడా వచ్చింది. కుడి భుజం లాగుతోంది, కత్తెర పట్టీ పట్టీ అనుకుంటా. మీ బావ డాక్టరు దగ్గరికి పోదామంటే, మా చెల్లి కంటే ఆయనకి ఎక్కువ తెలుసా అని కసిరాను. నాలుగు ముక్కలు రాయవే, నీ ఉత్తరం చూస్తే ధైర్యంగా ఉంటుంది.

నీ అక్క

అక్కా,

ఇది అందగానే బావతో ఆసుపత్రికి వెళ్ళు. స్కూలు వ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

ఇవాళ క్లాసులో ఒకమ్మాయి ఏప్రన్ కట్టుకుంటే కాలేయం ఎడమకి వచ్చింది, జీర్ణాశయం కుడికి పోయింది. పిల్లలతో పాటు నేనూ నవ్వాను. జాకెట్టుకి గీసినట్టే బట్ట తిరగేసి లోపలివైపు గీసుంటావు, మళ్ళీ తిప్పేసరికి కుడి ఎడమలు మారిపోయాయి. నవ్వుతుండగానే, నువ్వు కట్టుకుని చూసుకున్నదీ ఈ ఏప్రనే అని గుర్తొచ్చింది. అంటే నీ పోటు కుడిపక్కన. అక్కడుండేది కాలేయం, దాని కింద పిత్తాశయం. ఆ జ్వరం, ఆ భుజం నొప్పీ దానివే. కుడా ఎడమా అని నేను ఒక్క మాట అడిగుంటే సరిపోయేది.

పరీక్షలు నా నెత్తిన ఉన్నాయి. అవగానే వచ్చి వాలతాను.

చిట్టి

చిట్టీ,

ఆసుపత్రి మంచం మీద రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. పిత్తాశయం నిండా రాళ్ళట, చీము పట్టిందట. రేపు పొద్దున్నే కోసి తీసేస్తారు. చీము రక్తంలోకి పాకిందేమో ఇప్పుడే చెప్పలేమన్నారు. మీ బావ వరండాలో నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోడు.

నిన్ను నువ్వు తిట్టుకోకు, తిరగేసి గీసింది నేనే. కానీ మనసులో ఉన్నది చెప్పకుండా లోపలికి వెళ్ళలేను. ఇక్కడి నర్సు నా చెయ్యి పట్టుకుని, "చాలా నొప్పిగా ఉందా అమ్మా?" అంది. అంతే, ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు. నా నొప్పి ఎక్కడుందో, ఎందుకొచ్చిందో అన్నీ నువ్వు రాశావు. ఎంతుందని మాత్రం అడగలేదు.

పరీక్షలు ఇంకెవరికైనా అప్పగించు. నాకు భయంగా ఉంది చిట్టీ. రా.

అక్క