కవరు విప్పని సామాన్ల మీద నా ఆఖరి మాట

ఉదయగిరి కాపురస్తురాలు, కీర్తిశేషులు దార్ల డేవిడ్‌రాజు గారి పెద్దకూతురు, రిటైరైన సెకండరీ గ్రేడ్ టీచరు దార్ల రెబెకమ్మ అనే నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, నా సొంత చేతిరాతతో రాసి ఉంచుతున్న వీలునామా.

నాకు బుద్ధి స్థిరంగా ఉండాది. షుగరు ఉండాది, ఎడమ మోకాలి నొప్పి ఉండాది, బుద్ధికి మాత్రం ఏమీ కాలేదు. ఇంత గట్టిగా ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, పోయిన నెల నేను ఆత్మకూరులో రెండు అట్టల తలపిన్నులు, ఒక గంధం సబ్బు, వంకాయరంగు గోళ్లరంగు సీసా కొనుక్కొని బస్సు దిగితే, నా తమ్ముడు ఎడ్విన్ ఆ సంచీలోకి తొంగి చూసి, అక్కకి మతి చలించినట్టుండాది అన్నాడు. అనడమే కాదు, నెల్లూరు తీసుకపోయి డాక్టరుకు చూపించినాడు. ఆ డాక్టరమ్మ నా గోళ్లు చూసి, ఈ రంగు ఎక్కడ దొరికిందండీ అని అడిగింది. బుద్ధి బాగుండాదని ఆమె రాసిచ్చిన చీటీ దీనికి జతచేసినాను.

ఎవరి బలవంతం మీదా ఇది రాయడం లేదు. నన్ను బలవంతం చేసి ఎవురన్నా ఒక్క పని చేయించగలిగుంటే, ఈ పాటికి నా ఇల్లు తుడిచిపెట్టినట్టు, చూసేదానికి ఏమీ లేకుండా ఉండేది.

దీన్ని అమలు జరపాల్సిన మనిషి మాధవి. దుత్తలూరు బడిలో నాతో ఇరవై రెండేళ్లు పనిచేసిన తెలుగు టీచరు. తమ్ముడుండగా బయటి మనిషి ఎందుకని ఎడ్విన్ నొచ్చుకుంటాడు. నొచ్చుకోనీ. వాడికి అప్పజెప్పితే మూడోరోజుకి నా బీరువా మొత్తం చెత్తబండి ఎక్కుతుంది.

1. ఇల్లు. రెండు గదులు, వసారా, పెరట్లో కరివేపాకు చెట్టుతో సహా నా మేనకోడలు, ఎడ్విన్ కూతురు అశ్వితకు. పోస్టాఫీసులో ఉన్న డబ్బు కూడా ఆ పిల్లకే. అందరూ వెతికేది ఈ ఒక్క ముక్క కోసమే కాబట్టి మొదట్లోనే రాసిపడేసినాను. ఇంక మిగతాది నిదానంగా చదవండి.

2. నిర్వచనం. ఇక మీదట ఈ పత్రంలో "సామాన్లు" అని ఎక్కడొచ్చినా, నేను ముప్పై ఏడేళ్లుగా శనివారం శనివారం బస్సెక్కి పోయి, పది షాపులు తిరిగి, బేరమాడి, నచ్చితేనే కొన్న చిన్నచిన్న వస్తువులని అర్థం. రిబ్బన్లు, జడక్లిప్పులు, జాకెట్టు గుడ్డలు, అత్తరు సీసాలు, కాటుక డబ్బీలు, చేతిరుమాళ్లు, లేసు ముక్కలు, మా ఊరి కొయ్యగరిటెలు వగైరా. దీన్ని చెత్త అని పిలిచే వాళ్లకు ఇందులో హక్కు లేదు. ఎడ్విన్‌ ఒక్కడికి మినహాయింపు ఇస్తున్నాను, ఎందుకో కింద రాస్తాను.

పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు, ఇంకేం చేస్తుంది పాపం, గాజులు కొనుక్కుంటాది అని సంఘంలో ఆడవాళ్లు అనుకుంటారని నాకు తెలుసు. పాపం ఏంది ఇందులో? వారమంతా నలభై మంది పిల్లల చేత ఎక్కాలు చెప్పించి, శనివారం మధ్యాహ్నం ఆత్మకూరు బజారులో ఇంతకుముందు ఎప్పుడూ చూడని నీలంలో ఒక జాకెట్టు గుడ్డ కనపడితే, దాన్ని వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసుకుంటే, ఆ సుఖం నాకు చాలినంత ఉండింది. ఒకరికి చెప్పి ఒప్పించాల్సిన పనే లేదు.

3. తమ్ముడు ఎడ్విన్‌కు. నా దగ్గరున్న పదకొండు కొయ్యగరిటెలు, రెండు కొయ్య ఫోర్కులు, చేప ఆకారం పిడి ఉన్న అట్లకాడ. వాడు వీటితో వండడు, తెలుసు. కనీసం ఉప్పు డబ్బాలో ఒక గరిటె అన్నా వెయ్యి నాయనా.

ఇంకోటి. నా జ్ఞాపకార్థ కూడిక రోజున ఉప్మా పెట్టి చేతులు దులుపుకోవద్దు. ఆత్మకూరు బస్టాండు ఎదురు బేకరీలో దిల్‌పసంద్ తెప్పించాలి, కొబ్బరి దండిగా వేసింది. మొదటి ముక్క ఎడ్విన్‌కు ఇవ్వాలి. వాడికి ఆరేళ్లప్పుడు, నేను ట్రైనింగు చదువుతా శనివారం ఇంటికొచ్చే దినాల్లో, ఉదయగిరి బస్టాండులో నా బస్సు కోసం కాళ్లకు చెప్పుల్లేకుండా నిలబడుకోని ఉండేవాడు. దిగీదిగగానే నా మొహం చూసేవాడు కాదు, సంచీ చూసేవాడు. అప్పుడు చెత్త అనలేదు. ఈ మినహాయింపు అందుకు.

4. మరదలు రూబీకి. నేను పదహారు క్రిస్మస్సులకు పదహారు వస్తువులు ఇచ్చినాను. పదహారూ తీసుకోని, బలే ఉండాది వదినా అని, బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎప్పుడు వాడతావమ్మా అంటే, మంచిరోజుకి అంటది. పోయిన సంవత్సరం నా పుట్టినరోజు ప్రార్థనకి రంగుకాగితం చుట్టి నాకొక మొహం క్రీము తెచ్చిచ్చింది. విప్పి చూస్తే అడుగున నా రాతే ఉండాది: "రూబీకి, ప్రేమతో." అది గడువు దాటి నాలుగేళ్లయింది. ఆమె మొహాన ఆ సంగతి చెప్పలేకపోయినాను, అందరూ పాట పాడతా ఉండారు. ఇప్పుడు చెప్తున్నాను. ఆ క్రీము డబ్బా రూబీకే తిరిగి రాస్తున్నాను, పూసుకోమని కాదు, కళ్లెదురుగా పెట్టుకోమని. దాంతోపాటు నా మల్లెపూల అత్తరు సీసా. ఇది మాత్రం పూసుకోవాలి.

5. అశ్వితకు, ఇల్లు కాక. నా లిప్‌స్టిక్కులు వద్దులే, అవి నేను వాడినవి. కాటుక డబ్బీలు, నాలుగు జతల జుంకాలు, ఎనభై చిల్లర జడక్లిప్పులు. ఈ పిల్ల అన్నీ ఫోన్లోనే కొంటది, వచ్చినాక బాగలేదని వెనక్కి పంపుతుంది. షాపాయన ఎదురుగా నిలబడి, ఇంకో రంగు చూపించన్నా అని అడగడంలో ఉండే మజా ఈ పిల్లకు ఎట్ట నేర్పాలో నాకు అర్థం కాలేదు. బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపు మాల్యాద్రి దగ్గరికి నెలకొకసారి పోయి నా పేరు చెప్పమ్మా. ఆయన ఇంకో అట్టపెట్టె కిందికి దించుతాడు. సాక్షి సంతకం పెట్టేవాళ్లకు ఏమీ రాయకూడదంట, అందుకని మాల్యాద్రికి ఇందులో ఏమీ లేదు. ఆయన షాపులో సరుకు సగం నా ఇంట్లోనే ఉండాది, అది చాలు.

6. అందరికీ వర్తించే షరతు. పైన చెప్పిన సామాన్లు అందిన నలభై రోజుల్లోపల కవరు విప్పి వాడాలి. పండక్కని, పెళ్లికని, మంచిరోజుకని దాచిపెట్టకూడదు. నలభై ఒకటో రోజున మాధవి ఇంటింటికీ వచ్చి చూస్తుంది. కవరు విప్పనివి ఏవున్నా తీసుకపోయి, ఉదయగిరి బస్టాండులో ఆ సాయంత్రం బస్సు కోసం కాచుకోనున్న ఆడవాళ్లకు పంచేస్తుంది. కోర్టుకు పోతామన్నా సరే.

ఇంత మొండితనం ఎందుకో రాస్తాను. నా మొదటి జీతంతో మా అమ్మ శాంతమ్మకు ఆత్మకూరులో ఒక నైలాను చీర తీసినాను. లేత ఊదారంగు, అంచున వెండి చుక్కలు. మా అమ్మ అంతకుముందు రంగుచీర తనకోసం అడిగి ఎరగదు. దాన్ని చెంపకు ఆనించుకోని, క్రిస్మస్సుకి కడతా అనింది. క్రిస్మస్సు వచ్చింది, ఎడ్విన్ పెళ్లికి అనింది. పెళ్లిరోజు పొయ్యికాడ పని, మసి అవుతుందని పాతదే కట్టింది. నేను కూడా, పోనీలే దాచుకో అన్నాను. ఆమె పోయినరోజు పెట్టె తెరిస్తే చీర కవర్లోనే ఉండాది, నాఫ్తలిన్ ఉండలతో సహా. మడత విప్పబోతే మడతల వెంబడే చీలిపోయింది.

చిరిగినా పైన కప్పి ఉండొచ్చు. మా సంఘంలో ఆడమనిషి పోతే తెల్లచీర కట్టి శవపెట్టెలో పెట్టడం ఆనవాయితీ. ఆడవాళ్లందరూ నా మొహం చూస్తా నిలబడినారు. నేనే తెల్లదే కట్టండి అన్నాను. నలుగురూ ఏమనుకుంటారో అని భయపడినాను. నా నోటితో నేనన్న ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

7. నా భూస్థాపన. కాబట్టి నాకు తెల్లచీర కట్టకూడదు. బీరువా కింది అరలో, ఎడమ పక్క, చిలకపచ్చ జార్జెట్టు చీర ఉండాది. రెండేళ్ల క్రితం ఆత్మకూరులో షాపు మూసేస్తా ఉంటే ఆఖరి ముక్కగా దొరికింది. జాకెట్టు కుట్టించి, గాజులు కూడా జత పెట్టి, దీని కోసమే దాచినాను. పాస్టరుగారిని, తెల్లచీరే కట్టాలని బైబిల్లో ఎక్కడుందో చూపించమన్నాను. నవ్వి, ఆనవాయితీ కదమ్మా అన్నారు. రూబీ ఆడవాళ్ల సమాజానికి కోశాధికారి, తప్పకుండా అడ్డుపడుతుంది. మాధవి పట్టుబట్టి నాకు పచ్చచీరే కట్టించాలి. ఇందులో రాసిన అన్నిట్లోకీ ఇదే ముఖ్యం. ఇది జరగకపోతే మిగతాదేది జరిగినా నాకు ఒకటే.

8. సవరణ. పై ఏడో షరతును నేనే కొట్టేసినాను. చదివేదానికి వీలుగా ఒక్క గీతే గీసి, పక్కన పొడిసంతకం పెట్టినాను.

కారణం: ఇంతవరకూ రాసింది మాధవికి చదివి వినిపించినాను. అంతా విని, ఆ చీర ఒక్కసారన్నా కట్టినావా అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. నీకెందుకే అన్నాను. లేచిపోయి బీరువా తెరిచినాను. చీర కవర్లో ఉండాది, నాఫ్తలిన్ ఉండలతో సహా. పైమడత దగ్గర ఒక వేలెడు మేర పచ్చదనం వెలిసింది.

ఊరందరికీ నలభై రోజులు గడువు పెట్టి, నేను చావుదాకా దాచినాను. మా అమ్మ క్రిస్మస్సుకని అయినా అనింది, నేను ఆ మాటా అనలేదు.

ఏడో షరతు బదులు ఇది రాస్తున్నాను. నేను పోయేనాటికి ఈ చీర పీలికలై వంటింట్లో మసిగుడ్డ అయ్యుండాలి. అప్పుడు నాకు తెల్లచీరే కట్టండి, అభ్యంతరం లేదు. కట్టుకునేట్టు ఇంకా మిగిలుంటే అది రూబీకి. ఆ వారమే కట్టుకోని చర్చికి పోవాలి. రేపు ఆదివారం ఆరాధనలో నేను ముందు వరసలో కూర్చుంటాను, రంగు ఎట్టుండాదో దగ్గర్నుంచి చూసుకోమ్మా.

సంతకాలు కాగానే నేనూ మాధవీ మూడు గంటల బస్సుకు ఆత్మకూరు పోతున్నాము. పని ఏమీ లేదు.

ఉదయగిరి, 15-11-2025, శనివారం.

(సంతకం) దార్ల రెబెకమ్మ

పై రెబెకమ్మ టీచరు గారు తెలివితో, మా ఇద్దరి ఎదుట, చిలకపచ్చ చీర కట్టుకొని, దానికి జత గాజులు వేసుకొని, ఈ వీలునామా మీద సంతకం చేసినారని సాక్ష్యం ఇస్తున్నాము.

సాక్షులు:
1. మాల్యాద్రి, ఫ్యాన్సీ షాపు, బస్టాండు దగ్గర, ఉదయగిరి
2. సిద్ధయ్య, కొయ్యగరిటెల పనివాడు, ఉదయగిరి