కార్డు పాయింట్లతో నేను ఎక్కవలసిన విమానం గురించి

తేదీ: నవంబరు 11, మంగళవారం

ఫిర్యాదుల అధికారి గారికి,
బ్యాంకు క్రెడిట్ కార్డుల విభాగం.

అయ్యా,

విషయం: నా కార్డు పాయింట్లతో నన్ను మోసగించి తీసుకున్న రెండు విమాన టికెట్లలో ఒకటి రద్దు చేసి, ఆ సీటు నాకు ఇప్పించుట గురించి.

ఆ విమానం శనివారం రాత్రి బయలుదేరుతుంది. పాయింట్లతో కొన్న టికెట్టును రద్దు చేయమని అడిగే హక్కు మీ నిబంధనల ప్రకారం కార్డుదారుకు మాత్రమే ఉంది. ఆ గడువు రేపు రాత్రితో ముగుస్తుంది. అందుకే ఈ అర్జీని పోస్టులో వేయకుండా స్వయంగా తెచ్చి ఇస్తున్నాను. నేను ఆడపిల్లల హైస్కూలులో లెక్కలు చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసినదానను. మీ నిబంధనలన్నీ, చివరి పేజీలోని చిన్న అక్షరాలతో సహా, భూతద్దం పెట్టి చదివిన తరువాతే రాస్తున్నాను.

నా ఫిర్యాదులు ఈ క్రింది విధముగా ఉన్నవి.

1. నాకు ఒకే ఒక అక్క. విదేశంలో తన కూతురి దగ్గర ఉంటుంది. ఆమెను చూడాలని నేను అనుకుంటుండగా, నాలుగేళ్ళ క్రితం నా మనవడు ఈ కార్డు తీయించాడు. "బామ్మా, ఖర్చు ఎలాగూ తప్పదు కదా. అదేదో కార్డు మీద పెట్టు. పాయింట్లు పోగైతే టికెట్టు దాదాపు ఉచితం. పన్నులు మాత్రం కట్టుకుంటే చాలు, విమానంలో దొరసానిలా కూర్చోవచ్చు" అన్నాడు. అప్పు అనే మాట నాకు గిట్టదు. అయినా వాడి మాట మీద ఒప్పుకున్నాను.

2. ఆనాటి నుండి ఇంట్లో బియ్యం, మందులు, కరెంటు బిల్లు, అన్నీ కార్డు మీదే. పై అంతస్తు పళ్ళ డాక్టరు ఆసుపత్రికి కొత్త కుర్చీ కొంటున్నాడని తెలిసి, అతని వెంట దుకాణానికి వెళ్ళి నా కార్డు గీయించి, ఆ సొమ్ముకు అక్కడే అతనితో చెక్కు రాయించుకున్నాను. మా వీధిలో నాకు కార్డు బామ్మ అని పేరు పడింది. కూరగాయల బండి ఆమె కార్డు తీసుకోదు కనుక ఆమెను వదిలి, మోకాళ్ళ నొప్పితో పక్క వీధి పెద్ద దుకాణానికి నడిచాను. ఆమె ఒకరోజు దారిలో ఆపి, "ఏం పెద్దమ్మగారూ, నా వంకాయలు పుచ్చినవా, నా మాట పుచ్చిందా?" అని అడిగింది. తల వంచుకుని వచ్చేశాను. పాయింట్లు అంటే ఇవి. మీ తెర మీద అంకెలుగా మాత్రమే కనిపిస్తాయి కనుక తెలియజేస్తున్నాను.

3. గత నెల మనవడు ఆఫీసు నుండి ఫోను చేశాడు. "బామ్మా, నీ ఫోనుకి ఆరంకెలు వచ్చాయి చూడు. చదువు."

"దేనికిరా?"

"నీ టికెట్టుకే! పెద్దబామ్మకి ఇప్పుడే చెప్పకు, ఉన్నట్టుండి వెళ్ళి నిలబడుదువుగాని."

కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి వినిపించాను. ఈ సంఖ్య ఎవరికీ చెప్పవద్దని మీ సందేశంలో ఉన్న మాట నిజమే. ఆ ఎవరికీలో మనవడు కూడా వస్తాడని నాకు తట్టలేదు. వీసా కోసం వేసవిలో నా చేయి పట్టుకుని వేలిముద్రల అద్దం మీద ఆనించినవాడు వాడే.

4. మొన్న ఆదివారం మనవడి భార్య నా గదికి వచ్చి, "బామ్మగారూ, పెద్దబామ్మగారికి ఏం పట్టుకెళ్ళమంటారు? మీరు మా పెళ్ళిరోజుకి ఇంత పెద్ద బహుమతి ఇస్తారనుకోలేదు" అని నా చేతులు పట్టుకుంది. టికెట్లు రెండూ వాళ్ళ పేర్ల మీద ఉన్నాయి. నేనే ఇచ్చానని వాడు ఆమెతో చెప్పాడు. నా ముఖం చూసి ఆ పిల్లకు విషయం అర్థమైంది.

5. వాణ్ణి పిలిచి అడిగాను. "పాయింట్లు వచ్చే నెల చెల్లకుండా పోతాయి బామ్మా. నీ మోకాళ్ళతో అంతసేపు కూర్చోగలవా? మేం పెద్దబామ్మని చూసొస్తాంగా. వీడియోలో చూపిస్తాం" అన్నాడు. వాడి తండ్రి, అనగా నా కొడుకు, పేపరు వెనక నుంచి, "పోనీలే అమ్మా, చిన్నపిల్లలు" అన్నాడు. ఆ చిన్నపిల్లాడికి ముప్ఫయి రెండేళ్ళు.

అయ్యా, మా అక్కకు పోయిన ఏడాది చూపు పోయింది. వీడియోలో ఆమె నాకు కనిపిస్తుంది, నేను ఆమెకు కనిపించను. ఫోను ఎత్తినప్పుడల్లా, "చిక్కావా, అలాగే ఉన్నావా? వస్తే ముఖం తడిమి చూసుకుంటానే" అంటుంది. ఆమెకు ఎనభై నాలుగు. ఈ సంగతి వాడికి తెలుసు. తెలిసీ ఆరంకెలు అడిగాడు.

6. నిన్న మీ కౌంటరులోని అమ్మాయి, "ఓటీపీ చెప్పింది మీరే కదండీ. ఇంట్లో తేల్చుకోండి" అన్నది. నేను ఇంటి పంచాయతీకి రాలేదు. నిబంధన ప్రకారం వచ్చాను.

మనవడి భార్య, "నా టికెట్టు మీరు తీసుకోండి, నేను వెళ్ళను" అని ఏడ్చింది. తప్పు చేసినవాడి సీటు ఉండగా ఏ తప్పూ చేయని పిల్ల సీటు ఎందుకు తీసుకోవాలి? ముసలిదాని పక్కన కూర్చుని వస్తావా అని అడిగాను. "గంటకోసారి లేపి నడిపిస్తాను, విసుక్కోకూడదు మరి" అన్నది. ఆమె సమ్మతిపత్రం జతపరిచాను.

పై విషయములన్నీ చిత్తగించి గడువు దాటక మునుపే న్యాయము చేయగలరని కోరుచు,

తమ విధేయురాలు,
(సంతకం) కార్డుదారు

ఇక జరగవలసినవి:

1. నా మనవడి టికెట్టు రేపు సాయంత్రం లోపల రద్దు కావలెను. అతను కట్టిన పన్నులు అతనికే తిరిగి చేరవలెను. అతని సొమ్ము నాకు ఒక్క కాసు వద్దు.

2. తిరిగి వచ్చిన పాయింట్లతో అదే విమానంలో నా పేరున టికెట్టు ఇప్పించవలెను. పన్నులు నేను కట్టెదను. సీటు నడవా పక్కన ఉండవలెను.

3. రెండవ టికెట్టును ఎవరూ ముట్టుకోరాదు.

4. మీ సందేశంలో "ఇంట్లోవారికి కూడా" అన్న మాట చేర్చవలెను.

5. మనవడు మీ దగ్గరకు రావచ్చు. మాట తీయగా ఉంటుంది. బామ్మ కోపంలో రాసిందంటాడు. కోపంలోనే రాశాను, కానీ తెలివిలో ఉండి రాశాను.

6. టికెట్టు రద్దయిన సందేశం అతని ఫోనుకు పంపే ముందు నాకు ఫోను చేయవలెను. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ మాట నేనే చెప్పాలి. వాడు నా వెనక చేశాడు. వాడి వెనక చేయడం నాకు చేతకాదు.