కాకి ముట్టిన కూర

బాపూ,

ఇయ్యాల్టికి నువ్వు పోయి యాడాది. నాకు సుత నీ లెక్కనే షుగర్ వచ్చింది. మాంసం బంద్ చేసి, ఫోన్ల చూసుకుంట కూరగాయలు వండుడు నేర్సుకుంటున్న. నీ విస్తరిల గూడ నేను వండిన సొరకాయ కూరే పెట్టిన.

"మటన్ లేకుంటె మీ బాపు ముడుతడా?" అని అవ్వ లొల్లి చేసింది.

క్వార్టర్ డాబా మీద విస్తరి పెట్టి పక్కకు నిలవడ్డమో లేదో, కాకి వచ్చి సగం తిన్నది. "మీ బాపు ఇప్పుడు మారిండు రా" అని అవ్వ మస్తు సంబురపడ్డది.

కిందికొచ్చి రుచి చూస్తే, కూరల ఉప్పే వెయ్యలే. నువ్వైతే పళ్లెం నూకి, బొగ్గుబాయి కాలనీ అంత ఇనవడేటట్టు తిడుదువు.

అది నువ్వు కాదు బాపూ. అవ్వ తినకముందే కూరల ఉప్పు కలిపిన.