కోడలి మీద కొట్టిన డప్పు

నేను, మైసన్న, వయసు డెబ్బై ఒకటి, కామారెడ్డి జిల్లా వాస్తవ్యుడను. మతి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఎల్లారెడ్డికి బస్సెక్కి వచ్చి ఈ వీలునామా రాయిస్తున్నాను. మా ఊరి పేరు ఆధార్ కార్డులో ఉంది, ఇక్కడ రాయించను. మూడేళ్ల కింద నా మతి ఇంత నిలకడగా లేదు.

1. నా ఇరవై గుంటల భూమి, రేకుల ఇల్లు నా కొడుకు నగేశ్‌కు, పక్కింట్లో ఉండే అతని భార్య సలోమికి సమానంగా చెందాలి. నగేశ్ మస్కట్‌లో ఉన్నాడు కనుక కాగితాలు సలోమి చేతికే ఇవ్వాలి. మతం మార్చుకున్నదానికి భూమెందుకని అడిగేవారికి ఒక మాట: ఆమె ఏదీ మార్చుకోలేదు. రాజంపేటలో పుట్టిననాటి నుంచీ చర్చికి పోయే పిల్లే. ఆ సంగతి తెలిసే అందరూ పెండ్లికి వచ్చి కడుపునిండా తిని పోయారు.

2. నా డప్పు ఎవరికీ ఇవ్వను, కాల్చేయండి. మూడేళ్ల కింద పోచమ్మ పండుగకు సలోమి చందా ఇచ్చింది, బోనం మాత్రం ఎత్తనన్నది. ఊరి కమిటీ ఆమెను వెలివేసింది. చాటింపు మా ఇంటి హక్కు. నేను వేయకపోతే ఆ హక్కు కింది వాడకు పోతుందని నా కోడలి మీద నేనే డప్పు కొట్టాను. "ఇనుండ్రో! సలోమితోని ఎవ్వలు మాట్లాడొద్దు, దుకాణంల సామాను ఇయ్యొద్దు, కూలికి పిలువొద్దు, జరిమానా పడ్తది!" అని ఈ నోటితోనే అరిచాను.

3. కమిటీ పెద్ద మల్లన్నకు నా చెప్పుల జత. తొడుక్కుంటాడో కొట్టుకుంటాడో ఆయన ఇష్టం. అంతా అమ్మవారి గౌరవం కోసమే అన్నాడు. సలోమి పుట్టకముందు, ఎవరి వాడ బోనం ముందు నడవాలని ఆ అమ్మవారి ఎదుటే కొట్టుకున్నాం. ఆయన పన్ను ఊడింది, నా చెవి చీలింది. అప్పుడు ఊరిలో ఒక్క క్రైస్తవుడూ లేడు.

4. సలోమి పోయే చర్చి వారికి ఏమీ లేదు. నా భార్య ఈరవ్వ చనిపోయిన రోజు సలోమిని మావాళ్లు శవం దగ్గరికి రానివ్వలేదు. నేను తల వంచుకుని నిలబడ్డాను. పదకొండోనాడు ఆమె మా పెరట్లోకి వచ్చి అత్త పేరున అన్నం పెట్టింది. ఆ తప్పుకు చర్చివాళ్లు ఆమెను ప్రభువు బల్లకు, రొట్టె, ద్రాక్షరసం పంచే చోటికి, రానివ్వలేదు. దేవుళ్లందరినీ తీసి పక్కన పెట్టినా మేము కొట్టుకునేవాళ్లమే. నేను డప్పు పట్టింది పోచమ్మ కోసం కాదు, మా వాడ కోసం.

5. ఈరవ్వ ముక్కుపుల్ల, ఎర్రంచు చీర సలోమికి. ఈరవ్వ బతికినన్నాళ్లూ చాటింపును లెక్కచేయక దొడ్డిదారిన కోడలికి కూర పంపింది. నాకు తెలుసు, ఆపలేదు. నేను చేసిన మంచిపని అదొక్కటే.

6. నా శవానికి మొదటి చెంబు నీళ్లు సలోమి పోయాలని నా కోరిక. ఏ దేవుణ్ని తలచుకున్నా సరే. రాకపోతే ఆమెను ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఈరవ్వ పోయిన నాటి నుంచి సలోమి నా గడపలో పెట్టిపోయే అన్నమే తింటున్నాను. గిన్నె కడిగి అక్కడే పెడతాను. ఇంతవరకు ఆమెతో మాట్లాడలేదు. ఈ పొద్దున బస్సు దగ్గర, "మామా, ఒక్కనివే యాడికి వోతున్నవ్?" అని అడిగింది. ఊరివాళ్లు చూస్తున్నారని ముఖం తిప్పుకుని బస్సెక్కాను.

చదివి వినిపించగా విని వేలిముద్ర వేశాను.

ఎల్లారెడ్డి, 12-11-2024
మైసన్న (ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు:
భీమేష్, జిరాక్స్ దుకాణం, ఎల్లారెడ్డి
నిహారిక, టైపు చేసినవారు, ఎల్లారెడ్డి