బాణాలు లోపలికి చూపే బావి

జలగర్భ పురావస్తు అనుమతుల అధికారి గారి సముఖమునకు,
సాన్ ఎలాదియో గ్రామములో పరిశోధన చేయుచున్న విద్యార్థిని ఎలోయిసా కానుల్ సమర్పించు అర్జీ.

అయ్యా,

విషయం: విద్యార్థుల పరిశోధనకు ఎంపికైన చెన్-తోహ్ నేలబావిని సోమవారం కాంక్రీటుతో మూసివేయు ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి.

ఈ ఉదయం బావి అంచు చుట్టూ ఎవరో సున్నంతో తెల్లని గీత గీసి ఉంచారు. రోజూ ఆ వేళకు తోహ్ పిట్టలు గోడ బొరియల్లోంచి పైకి వస్తూ పోతూ ఉంటాయి. ఈరోజు అవి కంచె తీగ మీద వరుసగా కూర్చుని కిందికి చూస్తున్నాయి. కాంక్రీటు లారీ అప్పుడే వచ్చి నీడలో ఆగి ఉంది. అందుచేత ఈ అర్జీని తపాలాలో వేయక నేనే స్వయంగా తెస్తున్నాను.

1. నీటి అడుగున ఉన్న పురావస్తు స్థలాన్ని ఒకదాన్ని ఎంచుకోమని మా ఆచార్యులు డాక్టర్ అర్సేనియో మెద్రానో గారు కోరినప్పుడు నేను చెన్-తోహ్ పేరు ఇచ్చాను. నీరు తేటగా ఉంటుందని, లోపలి గట్టు మీద పొగచూరిన పూర్వకాలపు కుండలు ఎవరూ కదపకుండా ఉన్నాయని కారణాలు రాశాను. తమరు అనుమతి ఇచ్చారు. ఇప్పుడు బావి మీదుగా కొత్త రోడ్డు పోవుచున్నదని, వేరే స్థలం ఎంచుకోమని తమ కార్యాలయం మూడు పేర్లు పంపింది. ఆ మూడూ మంచి స్థలాలే. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు.

2. ఈ బావి అడుగు నుంచి నీరు నిండిన గుహ ఒకటి నేల కింద పక్కకు సాగిపోతుంది. అలాంటి నీటి గుహలో ఈదేవారు వెంట తాడు పరుచుకుంటూ పోతారు. తాడుకు ప్లాస్టిక్ బాణాలు తగిలిస్తారు. దీపం ఆరిపోయినా చేత్తో తడిమి తెలుసుకోవడానికి వీలుగా, బాణం మొన ఎప్పుడూ బయటికి పోయే దారినే చూపాలి. కుండల గట్టు దాటాక మాకు మాది కాని తాడు ఒకటి దొరికింది. దాని బాణాలన్నీ మేము వచ్చిన దారికి వ్యతిరేకంగా, లోపలికి, ఉత్తరంగా చూపుతున్నాయి.

పైకి వచ్చి చెబితే ఆచార్యులు సంతోషించారు. "అంటే అటు ఇంకో నోరుందన్నమాట! వాళ్లు అటునుంచి వచ్చారు. ఇది వరం, ఎలోయిసా!"

నాతో కలిసి దిగే రుబీ నవ్వింది. "నోట్లోంచి మాట రాని నీకు రెండు నోళ్ల బావి దొరికిందే!" ఆ తర్వాత గ్రామ పటం విప్పి చూసి నవ్వడం మానేసింది. "అటు నోరెక్కడిదే? అక్కడ హోటల్ పార్కింగు కదా. మా మావయ్య రోజూ అక్కడే కారు పెడతాడు."

3. మరునాడు ఆ తాడు కొస వెతికాము. మా వైపు కొసన అది ఒక రాతికి ముడివేసి ఉంది. పక్కనే తాడు చుట్టి ఉంచే రీలు. దాని పిడికి నీలం గుడ్డ చుట్టి ఉంది. ముడి తొందరలో వేసినది కాదు. రేపు వచ్చి ఇక్కడి నుంచే కొనసాగిద్దామనుకున్న మనిషి వేసే ముడి. అతను తన బాణాలను నమ్మి ఉత్తరంగా వెనుదిరిగాడు. ఇంకొక్క మలుపు తిరిగి ఉంటే మా వైపు వెలుతురు కనిపించేది. ఆ సంగతి అతనికి తెలియదు.

మేము ఆ తాడు పట్టుకుని ఉత్తరంగా పోయాము. వీపున మోసే సిలిండరు గాలిలో మూడో వంతు ఖర్చయ్యాక తిరిగి రావాలన్నది నియమం కనుక తిరిగి వచ్చాము. తాడు ఇంకా ముందుకు పోతూనే ఉంది.

4. బావి కంచె తాళంచెవులు ఉంచుకునే ముసలమ్మ దోన్యా క్లెయోఫాస్‌ను అడిగాను. ఆమె జొన్నరొట్టెలు కాలుస్తూ తల ఎత్తకుండా చెప్పింది.

"ఉత్తరపు నోరు పూడ్చిన రోజు ఇక్కడ నీళ్లు ఊగాయి బిడ్డా. గాలీ లేదు, వానా లేదు. బకెట్ ముంచితే పాలలా తెల్లగా వచ్చింది. నా టర్కీ కోళ్లు కూడా ముట్టలేదు."

"మీరు ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"చెప్పకేం? లోపల మనిషి ఉన్నాడేమో చూశారా అని మేస్త్రీని అడిగా. కాగితం ఉందన్నాడు. కాగితం ఈదుతుందా అన్నా. ముసలిదానా, ఇంటికెళ్లి పప్పు ఉడకేసుకో అన్నాడు."

5. తమ కార్యాలయంలో గుమాస్తా గారిని ఈ విషయమై కలిశాను. "మూడు స్థలాలు ఇచ్చాం కదమ్మా, సంతలో మామిడిపండు నొక్కినట్టు ఇంకా ఎంతసేపు?" అన్నారు. తాడు సంగతి చెప్పాను.

"ఓహో, అది మా సర్వేయరు హెనారోది అయ్యుంటుంది. ఉత్తరపు నోరు పూడ్చే ముందు లోపల ఎంత ఖాళీ ఉందో కొలవమని పంపాం. చెప్పాపెట్టకుండా ఉద్యోగం వదిలేసి పోయాడు. ఈతగాళ్లకు నిలకడుండదు."

"మరి కొలతలు ఇచ్చాడాండీ?"

"ఎక్కడ ఇచ్చాడు? కార్యాలయానికి రానేలేదు. అతని కోసం పని ఆపుతామా?"

నేను నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను. నాకు పెద్దవాళ్లతో వాదించడం అలవాటు లేదు.

6. ఫిర్యాదు రాసేటప్పుడు విశేషణాలు వాడకూడదని మా కాన్వెంటు మదర్ నేర్పారు. కనుక కోరేది మాత్రమే రాస్తున్నాను. ఆ తాడును ఉత్తరపు కొస వరకు అనుసరించడానికి అనుభవజ్ఞులైన ఈతగాళ్లను పంపించగలరు. వారు చూసి వచ్చేదాకా చెన్-తోహ్‌ను మూయవద్దు. ఇప్పుడు తెరిచి ఉన్న దారి ఇదొక్కటే. వేరే స్థలం ఎంచుకోకపోతే నాకు ఏడాది పోతుందని ఆచార్యులు హెచ్చరించారు. పోనివ్వండి.

తమరు చిత్తగించి, సోమవారం తెల్లవారక మునుపే ఉత్తర్వు మార్చవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
ఎలోయిసా కానుల్

తాజా కలం: దరఖాస్తులో "ఈ స్థలమునే ఎంచుకొనుటకు కారణము" అన్న గడిలో తేట నీరు అని రాశాను. అది అబద్ధం కాదు. మొత్తం రాస్తే నన్ను బృందంలోంచి తీసేస్తారని భయపడ్డాను. రీలు పిడికి ఉన్న నీలం గుడ్డ మా కాన్వెంటు యూనిఫారం నడుంపట్టీది. నీళ్లలో చెయ్యి జారుతోందని అడిగితే నేనే కత్తిరించి ఇచ్చాను. హెనారో మా అన్నయ్య.