ఎవరి మాటలు వారికే

సీతాఫల్‌మండి, సికింద్రాబాద్
శనివారం

ప్రియమైన గ్లోరియా అక్కకు,

నిన్న ఫోన్లో నువ్వు బడి వార్షికోత్సవం ఎలా జరిగిందని అడిగితే బాగానే జరిగిందన్నాను. అబద్ధం. ఉద్యోగానికి రాజీనామా రాశాను. సోమవారం ఇస్తాను. ఎందుకో ముందు నీకు చెప్పాలి.

తొమ్మిదో తరగతి పిల్లలతో నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లిష్ విషాద నాటకం ఒకటి వేయిస్తున్నానని నీకు తెలుసు. తెలుగు అనువాదం నేనే చేశాను. ఆ కాలంలో ఆడవేషాలు కూడా కుర్రాళ్లే కట్టేవారు. మాది మగపిల్లల బడి కనుక అది కలిసొచ్చింది. అప్పటి పద్ధతి ఇంకొకటి కూడా తీసుకున్నాను. నటుడికి మొత్తం నాటకం ఇచ్చేవారు కాదు. అతని మాటలు, వాటికి ముందు ఎదుటివాడు అనే చివరి రెండు మూడు పదాలు, అంతే. ఆ పదాలు వినపడేదాకా చెవి అప్పగించి నిలబడాలి.

ప్రిన్సిపల్ దేవానందం గారు "దీనివల్ల మార్కులు పెరుగుతాయా, శాంతికుమార్?" అన్నారు. "వినడం వస్తుంది సార్" అన్నాను. వచ్చింది కూడా. ఒకరి మాట మీద ఒకరు పడి అరిచే పిల్లలు ఎదుటివాడి నోటివంక చూడటం మొదలుపెట్టారు. లెక్కల మాస్టారు వచ్చి "ఏం మందు పెట్టినవయ్యా వీళ్లకు?" అని అడిగాడు. నాకు గర్వమెక్కింది.

రాణి వేషం రాహుల్‌ది. జూన్‌లో కొత్తగా చేరాడు. మాట తక్కువ. తోటివాళ్లు "రాణీగారూ, టిఫిన్ల ఏం తెచ్చిన్రు?" అని ఏడిపిస్తే, "బంటులకు లేదు పో" అనేవాడు. చివరి అంకంలో భటుడు వచ్చి, పెద్ద రాకుమారుడు నదిలో మునిగి చనిపోయాడని రాణికి చెప్పాలి. ఆ ఒక్క రంగం మాత్రం ఇద్దరినీ కలిపి సాధన చేయించలేదు. వేదిక మీదే మొదటిసారి వింటే ముఖంలో నిజం కనిపిస్తుందనుకున్నాను. రాహుల్ కాగితంలో భటుడి చివరి రెండు పదాలే ఉన్నాయి, ఆ వార్త లేదు.

భటుడి వేషంలో ఉన్న ఓంప్రకాశ్ చెప్పవలసింది చెప్పాడు. రాహుల్ తన మాట అనలేదు. కిరీటం తీసి చేత్తో పట్టుకుని, "బాడీ దొరికిందా?" అని అడిగాడు. ఓంప్రకాశ్ కాగితంలో దానికి జవాబు లేదు. వాడు కాసేపు రాహుల్ ముఖంలోకి చూసి, "దొరికిందిరా. ఇంటికి తెచ్చిన్రు" అన్నాడు.

రాహుల్ కూలబడిపోయాడు. వాడి తండ్రి తిరుమల్ జనంలోంచి వచ్చి లేవదీసుకుని, నా ముందు ఆగి, "మా ఇంట్ల ముచ్చట నీకెవరు చెప్పిన్రు సార్?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. వాడి అన్న పోయిన ఎండాకాలం క్వారీ గుంతలో ఈతకు దిగి చనిపోయాడని నాకు అప్పుడే తెలిసింది.

పిల్లలకు వినడం నేర్పుతున్నానని చెప్పుకున్నాను. మీ ఇంట్లో ఎవరెవరు ఉంటార్రా అని రాహుల్‌ను ఒక్కసారి కూడా అడగలేదు. ఇలాంటివాడు బడిలో ఉండకూడదక్కా.

నీ తమ్ముడు
శాంతి


ఆదివారం సాయంత్రం

అక్కా,

నిన్నటి ఉత్తరం, ఇదీ బహుశా కలిసే చేరతాయి. ముందు అది చదువు.

చర్చిలో ఆరాధన అయ్యాక తిరుమల్ ఇంటికి వెళ్లాను. బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డల దుకాణంలో పనిచేస్తాడు. ఓంప్రకాశ్ అప్పటికే అక్కడ ఉన్నాడు. వాడూ రాహులూ మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు.

తల్లి కల్పలత మంచినీళ్లు ఇచ్చింది. "పెద్దోడు పోయిననాడు వీణ్ని మా చెల్లెలింటికి తోలినం సార్. చూస్తే బుగులు పడ్తడని. వచ్చినంక ఆ మాట మేమెత్తలే, వీడు అడగలే. మొన్న మీ బడి కాడికెళ్లి వచ్చినంక అన్నీ అడిగిండు. ఎవరు బయటికి తీసిన్రు, ఒంటి మీద ఏ అంగి ఉండె, అన్నీ. చెప్పినం. ముగ్గురం ఏడ్చినం."

నేను క్షమించమన్నాను. రాజీనామా సంగతి చెప్పాను.

తిరుమల్ నా వైపు తిరిగాడు. "వాడు ఏడ్చిండు గదా, మంచే అయిందనుకోకు సార్. తప్పు తప్పే. గంత మందిల మావోణ్ని నిలబెట్టినవ్."

"అవును" అన్నాను.

"ఇప్పుడు నౌకరి ఇడిసిపెడ్తనంటున్నవ్. రేపు వీడు బడికి పోయి సార్ ఏడీ అంటే ఏం చెప్పాలె? నీ వల్లనే పోయిండు బిడ్డా అని చెప్పాల్నా? ఒకడు పోయిన ముచ్చట చెప్పేతందుకే మాకు ఇన్నొద్దులు పట్టింది. ఇంకొకటి చెప్పుడు నాతోని కాదు."

రాజీనామా నాకు నేను వేసుకున్న శిక్ష అనుకున్నాను. దాని బరువు ఆ పిల్లవాడి మీద పడుతుందని తోచలేదు.

కాగితం చింపేశాను. ఇక నాటకాలు వద్దని దేవానందం గారు ఫోన్ చేసి చెప్పారు. నేను ఎదురు చెప్పలేదు. రేపటి నుంచి వ్యాకరణం. రాహుల్ బడికి వస్తాడో రాడో తిరుమల్ చెప్పలేదు, అడిగే హక్కు నాకు లేదు. వస్తే మాత్రం నేను అక్కడ ఉండాలి.

శాంతి